విహారయాత్ర నుండి ధమ్మయాత్రకు

(ధమ్మ పాఠశాల విద్యార్థుల ప్రకృతి సంఘం ఏర్పాటు సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)

 

మన ధమ్మ పాఠశాల పిల్లల కోసం ఒక ప్రకృతి సంఘాన్ని స్థాపించాలని కార్యవర్గం సంకల్పించింది. నెలకు రెండు ఆదివారాలు పిల్లలను నాలుగు గోడల మధ్య నుండి బయటకు తీసుకొనిపోయి చెరువును, అడవిని, కొండను, సముద్రతీరాన్ని పరిచయం చేయడం దాని ఉద్దేశం. ఈ సంకల్పాన్ని ఎవరూ కాదనలేదు. అయితే అక్కడ పిల్లలకు ఏమి నేర్పాలన్న ప్రశ్న వచ్చినప్పుడు మనలో మూడు అభిప్రాయాలు బయలుదేరాయి. గాలం వేయడం, గురి చూసి కొట్టడం వంటివి నేర్పితేనే పిల్లలు ఉత్సాహంగా వస్తారని, ఇతర దేశాలలో వేటను, చేపలు పట్టడాన్ని నేర్పే పాఠశాల సంఘాలే ఉన్నాయని కొందరు అన్నారు. మొదటి శీలాన్ని స్వీకరించినవారి నోట గాలమన్న మాటే రాకూడదని, చేపలు పట్టే కుటుంబాల పిల్లలు ఆ వృత్తిని విడిచిపెడతామని మాట ఇచ్చిన తరువాతనే సంఘంలో చేరాలని మరికొందరు అన్నారు. మూడవ అభిప్రాయం గట్టిగా వినిపించలేదు. అది ప్రశ్న రూపంలో వచ్చింది. జాలరి కుటుంబాల తల్లులు కొందరు, "మా పిల్లలు ఆ సంఘంలో తల ఎత్తుకొని నడవగలరా?" అని అడిగారు.

ఈ మూడవ ప్రశ్నకు సమాధానం చెప్పలేని సంఘం, మొదటి రెండు అభిప్రాయాలకు ఎంత పాండిత్యంతో సమాధానం చెప్పినా ప్రయోజనం లేదని మేము భావిస్తున్నాము. కనుక ఈనాటి ప్రసంగంలో మూడింటినీ కలిపి పరిశీలిస్తాము.

ముందుగా, పిల్లలు ఆరుబయటికి ఎందుకు పోవాలి? బుద్ధ భగవానుని జీవితంలోని నాలుగు ప్రధాన ఘట్టాలూ చెట్ల నీడలోనే జరిగాయి. లుంబినీ వనంలో జననం, ఉరువేలలో బోధివృక్షం కింద సంబోధి, ఇసిపతనంలోని మృగదావంలో ధమ్మచక్క ప్రవర్తనం, కుశీనారలో జంట సాలవృక్షాల నడుమ మహాపరినిర్వాణం. మృగదావం అంటే జింకలు నిర్భయంగా తిరిగే వనం. మొదటి ధమ్మోపదేశం ప్రాణభయం లేని చోట వినిపించింది. చెట్టునూ పిట్టనూ ఎరుగని పిల్లవానికి ఈ ఘట్టాలు గోడ మీది పటాలుగానే మిగిలిపోతాయి.

రెండవ కారణం మన చరిత్రలో ఉన్నది. మనలో చాలామంది పెద్దలకు ఆరుబయలు ఎన్నడూ విహార స్థలం కాలేదు. అది పశువులు కాచిన చోటు, కట్టెలు మోసిన చోటు, పరుల పొలంలో వంగి కలుపు తీసిన చోటు. ఊరి చెరువులో పశువు దిగి నీరు త్రాగవచ్చును గాని మనం దోసిలి పట్టరాదన్న కాలం ఉండేది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ మహాడ్ పట్టణంలోని చవదార్ చెరువులో దిగి నీరు త్రాగినది దాహం తీర్చుకోవడానికి కాదు, చెరువు అందరిదని నిరూపించడానికి. ఆ చెరువు మెట్ల మీద మొదలైన నడకకు ఈ ప్రకృతి సంఘం ఒక చిన్న కొనసాగింపు. మన పిల్లలు చెరువుగట్టు మీద పుస్తకం, పెన్సిలు పట్టుకొని, ఎవరి అనుమతికీ ఎదురు చూడకుండా నిలబడి కొంగలను లెక్కించే ఉదయం మనకు సామాన్యమైన ఉదయం కాదు.

ఇక మొదటి అభిప్రాయాన్ని న్యాయంగా పరిశీలిద్దాము. అమెరికాలోని కొన్ని ఉన్నత పాఠశాలలలో వేటను, చేపలు పట్టడాన్ని, ఆరుబయటి జీవనాన్ని పరిచయం చేసే విద్యార్థి సంఘాలు ఉన్న మాట నిజమే. అక్కడ పిల్లవానికి ఆయుధాన్ని జాగ్రత్తగా పట్టుకోవడం నేర్పుతారు. ఏ ఋతువులో వేటాడవచ్చునో, ఎన్నింటికి మించి పట్టకూడదో చెబుతారు. దానివెనుక ఒక ఆర్థిక ఏర్పాటు కూడా ఉన్నది. 1937లో ఆ దేశం చేసిన ఒక చట్టం ప్రకారం వేట తుపాకుల మీద, తూటాల మీద వసూలైన పన్ను వన్యప్రాణుల పరిరక్షణకు చేరుతుంది. 1950లో చేపలు పట్టే పరికరాలకు కూడా అటువంటి ఏర్పాటు చేశారు. నదిలో గాలం వేసేవాడు ఆ నది చెడిపోతే ముందుగా గగ్గోలు పెడతాడని అక్కడివారు వాదిస్తారు. ఆ వాదనలో సత్యం లేకపోలేదు. ఏ నీటితోనూ సంబంధం లేని మనిషి ఆ నీటి కోసం పోరాడడు.

కాని మన దేశపు పరిస్థితి వేరు. ఇక్కడ వినోదపు వేట రాజులకు, జమీందార్లకు, తెల్లదొరలకు చెందినది. తుపాకి వారి చేతిలో ఉండేది. డప్పులు కొట్టుకుంటూ పొదలలో దిగి మృగాన్ని తుపాకి ముందుకు తోలే పని మాత్రం ఊరి పేదలది. ఆ వినోదం ఎక్కడికి చేరినదో మనకు తెలుసు. ఒకప్పుడు దక్కను మైదానాలలో కూడా పరుగెత్తిన చీతా మన దేశంలో అంతరించిపోయినట్లు 1952లో ప్రకటించారు. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. మిగిలి ఉన్న వేట లైసెన్సుల ఏర్పాటును 1991 సవరణ తొలగించింది. ఆ చట్టం దృష్టిలో చంపడం ఒక్కటే వేట కాదు. ఉచ్చు పన్నడం, పట్టి బంధించడం, పక్షుల గుడ్లను, గూళ్ళను చెదరగొట్టడం కూడా వేటే. కనుక క్యాటర్‌బాల్‌తో పిట్టను కొట్టడం పిల్లల ఆటే కదా అనుకునేవారు చట్టాన్ని కూడా ఒకసారి చదవాలి.

అయితే మనం చట్టానికి భయపడి మాత్రమే వేటను వద్దనడం లేదు. మొదటి శీలం పాణాతిపాత విరతి, అంటే ప్రాణహరణ నుండి దూరంగా ఉండడం. ఈ శీలం భంగం కావడానికి ఐదు అంగాలు ఉండాలని అట్ఠకథలు వివరిస్తాయి. అక్కడ ఒక ప్రాణి ఉండాలి. అది ప్రాణి అని తెలిసి ఉండాలి. చంపాలన్న చేతన ఉండాలి. అందుకు ప్రయత్నం జరగాలి. ఆ ప్రయత్నం వల్ల ప్రాణం పోవాలి. ఐదింటిలో నడుమనున్న చేతన అన్నింటికంటె ముఖ్యమైనది. వినోదపు వేట ఆ చేతనకే శిక్షణ ఇస్తుంది. ఆకలి లేకుండా, అపాయం లేకుండా, ఎదుటి ప్రాణి కూలిపోవడమే విజయమని పిల్లవాని మనస్సుకు అది నేర్పుతుంది.

ఇక్కడ ఒక తెలివైన ప్రశ్న రావచ్చు. గాలానికి పట్టిన చేపను చంపకుండా తిరిగి నీటిలో విడిచిపెడితే తప్పేమున్నది? చంపాలన్న చేతన లేదు కదా? ఈ ప్రశ్నకు ఉదాన గ్రంథంలోని ఒక చిన్న ప్రసంగం సమాధానం చెబుతుంది. సావత్థికి, జేతవనానికి మధ్య దారిలో కొందరు బాలురు చిన్న చేపలను పట్టి బాధిస్తూ ఉండగా భగవానుడు చూశాడు. వారిని గద్దించలేదు, శపించలేదు, నరకాన్ని చూపి భయపెట్టలేదు. మీకు నొప్పి అంటే భయమా, నొప్పి మీకు అప్రియమా అని అడిగాడు. ఔనన్నారు బాలురు. ఆ ఔనులోనే ఉపదేశమంతా ఉన్నది. అక్కడ చర్చ చావును గురించి కాదు, నొప్పిని గురించి. నోటిలో దిగిన గాలపు ముల్లును తీసి చేపను నీటిలోకి వదిలినంత మాత్రాన ఆ నొప్పి జరగనిది కాదు. మన వినోదం కోసం ఇంకొక ప్రాణికి నొప్పి కలిగించవచ్చునని పిల్లవాడు నేర్చుకున్న పాఠం కూడా చెరిగిపోదు.

భగవానుడు ఆ బాలురను అక్కడి నుండి ఇంటికి పంపివేసినట్లు ఆ ప్రసంగంలో లేదు. ఆరుబయట ఆడే పిల్లలకు ఆరుబయటనే, వారి చేతిలోని చేప ఎదుటనే పాఠం చెప్పాడు. మన సంఘానికి ఇంతకంటె మంచి నమూనా లేదు.

ఈ నమూనాను ఒక రాజ్యమంతటికీ విస్తరించిన చక్రవర్తి అశోకుడు. ఆయన ఎనిమిదవ శిలాశాసనాన్ని విద్యార్థులు ప్రత్యేకంగా చదవాలని కోరుతున్నాము. పూర్వపు రాజులు విహారయాత్రలకు పోయేవారని, వాటిలో వేటా ఇతర వినోదాలూ ఉండేవని అందులో ఉన్నది. తాను పట్టాభిషిక్తుడైన పదేళ్ళకు సంబోధి స్థలానికి, అంటే బోధగయకు వెళ్ళానని, అప్పటి నుండి తన యాత్ర ధమ్మయాత్రగా మారిందని చక్రవర్తి చెప్పుకున్నాడు. ఆ యాత్రలలో శ్రమణులను, బ్రాహ్మణులను, వృద్ధులను దర్శించడం, దానం చేయడం, జనపదాల ప్రజలను కలిసి ధమ్మాన్ని చర్చించడం జరిగేవి. గమనించండి. అశోకుడు యాత్రను మానలేదు. ఆరుబయటికి పోవడాన్ని విడిచి అంతఃపురంలో కూర్చోలేదు. దారి అదే, అడవి అదే, ఉత్సాహమూ అదే. ప్రయాణపు లక్ష్యం మారింది. ఈ శాసనాన్ని చూడడానికి మనం దూరదేశాలకు పోనక్కరలేదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుని ప్రధాన శిలాశాసనాలు చెక్కి ఉన్నాయి. మన సంఘపు మొదటి పెద్ద యాత్ర అక్కడికే కావాలని మా సూచన.

మొదటి శిలాశాసనంలో మరొక పాఠం ఉన్నది. తన వంటశాలలో పూర్వం ప్రతిదినం లక్షల ప్రాణులను చంపేవారని, ఇప్పుడు రెండు నెమళ్ళు, ఒక జింక మాత్రమేనని, ఆ జింక కూడా నిత్యం కాదని, ఇకముందు ఆ మూడింటిని కూడా చంపరని అందులో ఉన్నది. ఎక్కడ మొదలుపెట్టాడో చూడండి. పల్లెలోని బోయవాని గుడిసె దగ్గర కాదు, తన వంటశాల దగ్గర. 1958లో అఫ్గానిస్తాన్‌లోని కాందహార్ వద్ద గ్రీకు, అరామిక్ భాషలలో ఆయన శాసనం ఒకటి బయటపడింది. రాజు ప్రాణిహింస మానాడని, రాజుగారి వేటగాళ్ళు, రాజుగారి జాలరులు కూడా వేటను విరమించారని గ్రీకు పాఠం చెబుతుంది. ముందు రాజు, తరువాత రాజుగారి వేటగాళ్ళు. ధమ్మంలో వైరాగ్యం పై నుండి దిగుతుంది. సమృద్ధి ఉన్నవాడు ముందుగా విడిచిపెడతాడు. ఏమీ లేనివాని చేతిలోని వలను లాక్కోవడం ధమ్మం కాదు.

అదే చక్రవర్తి పదమూడవ శిలాశాసనంలో తన రాజ్యంలోని అటవీ జనులను హెచ్చరించిన మాట కూడా దాచవలసిన పని లేదు. పశ్చాత్తాపం చెందిన రాజుకు కూడా శిక్షించే శక్తి ఉన్నదని అందులో వారికి గుర్తుచేశాడు. అహింస అధికారం చేతిలో పడినప్పుడు బలహీనుని మీద కర్రగా మారే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. దీనిని మన దేశం అశోకుని తరువాత మరింత ఘోరంగా చూసింది. పట్టు పరుపు మీద కూర్చొని జింకలను వేటాడినవాడు క్షత్రియుడయ్యాడు. ఆకలికి ఉడుమును పట్టినవాడు, ఎలుకను పట్టినవాడు, చేపను పట్టినవాడు హీనజాతివాడయ్యాడు. చంపడం ఇద్దరిదీ ఒకటే అయినా, కళంకం ఒక్కనికే అంటించారు. దానికి బ్రిటిషువారు చట్టపు ముద్ర కూడా వేశారు. 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టం ఎన్నో సంచార, అటవీ సముదాయాలను పుట్టుకతో నేరస్థులుగా నమోదు చేసింది. మన ప్రాంతంలో ఎరుకలవారు ఆ చట్టం కింద నలిగిపోయారు. 1952లో గాని అది దేశమంతటా రద్దు కాలేదు.

ఈ చరిత్ర తెలిసిన మనం జాలరి పిల్లవానిని గుమ్మం వద్ద నిలబెట్టి, "ముందు మీ నాయన వల మానాలి" అని అడగగలమా? బాబాసాహెబ్ తన 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో ఈ విషయాన్ని సూటిగా చర్చించారు. చంపాలన్న కోరికకు, చంపవలసిన అవసరానికి మధ్య బుద్ధుడు భేదం చూపాడని వివరించారు. అహింస మనిషిని గుడ్డిగా కట్టివేసే నియమం కాదని, ఆలోచించి ఆచరించవలసిన సూత్రమని ఆయన తాత్పర్యం. వినయ పిటకం కూడా ఇదే దారి చూపుతుంది. భిక్షువులు చేపలను, మాంసాన్ని పూర్తిగా మానాలని దేవదత్తుడు పట్టుపట్టినప్పుడు భగవానుడు దానిని అందరికీ విధిగా చేయడానికి అంగీకరించలేదు. శీలం తనకు తాను స్వీకరించే వ్రతం. పొరుగువానిని కొలిచే గజంబద్ద కాదు.

దీని అర్థం సమ్యగాజీవం అన్న మాట మనకు పట్టదని కాదు. ప్రాణులను అమ్మే వ్యాపారం, మాంస వ్యాపారం ఉపాసకునికి తగవని సుత్తాలు చెబుతాయి. జాలరి ఇంట పుట్టిన బిడ్డ చదువుకొని వేరొక వృత్తిని కోరుకుంటే, దానికి చేయూతనివ్వడం సంఘం బాధ్యత. కాని చేయూత ముందు రావాలి, ఉపదేశం తరువాత రావాలి. వేరొక బ్రతుకుతెరువు చూపకుండా వృత్తిని నిందించడం కరుణ అనిపించుకోదు.

మరి వేటగాని జ్ఞానాన్ని ఏమి చేయాలి? అది గొప్ప జ్ఞానం. గాలి ఎటు వీస్తున్నదో తెలుసుకొని నిలబడడం, గంటసేపు కదలకుండా ఉండడం, మట్టిలోని అడుగుజాడను చూసి ఏ జంతువు ఎప్పుడు పోయినదో చెప్పడం, నీటి రంగును బట్టి లోతును ఊహించడం, ఇవి అడవి విశ్వవిద్యాలయంలో నేర్చుకున్న శాస్త్రాలు. చంపడాన్ని విడిచినా ఆ శాస్త్రాలు నిలుస్తాయనడానికి మన దేశంలోనే నిదర్శనాలు ఉన్నాయి.

మొదటి నిదర్శనం తమిళనాడులోని ఇరులర్లు. తరతరాలుగా పాములు పట్టిన ఈ ఆదివాసులు ఒకప్పుడు చర్మాల వ్యాపారులకు పాములను అందించి బ్రతికేవారు. వన్యప్రాణి చట్టం వచ్చి చర్మాల వ్యాపారం ఆగిపోయాక వారి పొయ్యి ఆరిపోయే స్థితి వచ్చింది. 1978లో చెన్నై సమీపాన ఇరులర్ల పాములు పట్టేవారి సహకార సంఘం ఏర్పడింది. వారు నాగుపామును, కట్లపామును, రక్తపింజరను అనుమతితో పట్టి, విషం సేకరించి, మళ్ళీ అడవిలో వదిలివేస్తారు. ఆ విషం నుండి తయారైన విరుగుడు మందు దేశమంతటా పాముకాటు తిన్న రైతు కూలీల ప్రాణాలు నిలుపుతున్నది. అదే చేయి, అదే నేర్పు, అదే పాము. 2023లో ఇరుల పాములవారైన వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. వారిని ఎవరూ ముందుగా అవమానించి మార్చలేదు. వారి విద్యకు కొత్త గౌరవం, కొత్త కూలి లభించాయి. అందువల్ల మార్పు నిలిచింది.

రెండవ నిదర్శనం నాగాలాండ్‌లోనిది. డోయాంగ్ నది మీద ఆనకట్ట కట్టగా పొలాలు మునిగిన పాంగ్టి తదితర గ్రామాలవారు ఆ జలాశయంలో చేపలు పట్టి బ్రతకసాగారు. ఏటా అక్టోబరు, నవంబరు నెలలలో అముర్ డేగలు లక్షలాదిగా అక్కడ దిగుతాయి. చేపల వలలనే చెట్ల మధ్య కట్టి వాటిని పట్టేవారు. 2012లో ఒక్క కాలంలోనే లక్షకు పైగా డేగలను చంపినట్లు అంచనా వెలువడి దేశం నిర్ఘాంతపోయింది. మరుసటి సంవత్సరం ఆ గ్రామాలలో ఒక్క డేగ కూడా వలలో పడలేదని వార్త వచ్చింది. గ్రామ పెద్దలు, చర్చి పెద్దలు, ప్రకృతి పరిరక్షకులు కలిసి మాట్లాడుకున్నారు. గ్రామ సభలే నిషేధం విధించుకున్నాయి. పిల్లల కోసం పర్యావరణ సంఘాలు ఏర్పడ్డాయి. ఆ పక్షి సైబీరియా ప్రాంతం నుండి వచ్చి, భారత ద్వీపకల్పాన్ని దాటి, అరేబియా సముద్రం మీదుగా దక్షిణ ఆఫ్రికా వరకు పోతుందని పిల్లలు తెలుసుకున్నారు. 2013లో ఉపగ్రహ పరికరాలు అమర్చిన మూడు డేగలకు నాగా, పాంగ్టి, వోఖా అని పేర్లు పెట్టారు. తమ ఊరి పేరుతో ఒక పక్షి సముద్రాలు దాటుతున్నదని తెలిసిన పిల్లవాడు ఇక దానిని కూరగా చూడలేడు. అక్కడివారు బౌద్ధులు కారు. అయినా కరుణ అక్కడ పని చేసింది. కరుణకు మతపు చిరునామా అవసరం లేదని మనం వినయంగా ఒప్పుకోవాలి.

మూడవ నిదర్శనం మన ముంగిటనే ఉన్నది. నాగార్జునకొండకు చేరువనున్న నల్లమల అడవిలో తరతరాలుగా వేట మీద, తేనె మీద, దుంపల మీద బ్రతికిన చెంచులు నేడు ఆ పులుల అభయారణ్యంలోనే కాపలాదారులుగా పనిచేస్తున్నారు. అడవిని చదవగలిగినవారు వారే కనుక.

ఇప్పుడు మన ప్రకృతి సంఘం నడవవలసిన తీరును గురించి కొన్ని సూచనలు చేస్తాము. కార్యవర్గం వీటిని చర్చించి, మంచివి ఉంచి, మిగిలినవి తీసివేయవచ్చు.

మొదటిది, సంఘపు యాత్రలలో గాలం, క్యాటర్‌బాల్, ఎయిర్‌గన్, ఉచ్చు ఉండవు. ఇది ఎవరి ఇంటికీ వర్తించే నియమం కాదు, సంఘం తన యాత్ర కోసం స్వీకరించే శీలం. యాత్ర మొదట త్రిశరణ పంచశీలాలు చెప్పినప్పుడు పిల్లలకు ఈ మాట విడమరచి చెప్పాలి.

రెండవది, గురువులుగా గ్రామంలోని జాలరులను, యానాది పెద్దలను, గొర్రెల కాపరులను పిలవాలి. వారికి దారి ఖర్చులతో పాటు గౌరవ వేతనం ఇవ్వాలి. పట్టణం నుండి వచ్చిన ఉపన్యాసకునికి శాలువా కప్పి, వల అల్లే ముసలాయనను నేల మీద కూర్చోబెట్టే పద్ధతి మన సంఘంలో ఉండరాదు. వల ముడి వేయడం, తాడు పేనడం, పడవ తోయడం, నీటి పోటును గుర్తించడం, ఈ విద్యలను పిల్లలు వారి దగ్గర నేర్చుకోవచ్చు. ముడి వేయడం నేర్చుకున్న చేతులు చేపను చంపి తీరాలని ఎక్కడా లేదు. తన తండ్రి లేదా తాత గురువు స్థానంలో కూర్చున్న రోజున జాలరి బిడ్డ తల ఎత్తుకొని నడుస్తుంది. ఆ తల్లుల ప్రశ్నకు మా సమాధానం ఇదే.

మూడవది, ఒకే చెరువును ఏడాది పొడుగునా చూడాలి. పదిచోట్లకు పరుగెత్తడం కంటె ఒక చెరువుకు ఇరవైసార్లు పోవడం మేలు. వానకు నిండిన చెరువు, శీతాకాలంలో వలస బాతులు దిగిన చెరువు, ఎండకు బీటలువారిన చెరువు, ఈ మూడింటినీ చూసినవారికి అనిచ్చ అన్న మాటకు వేరే వ్యాఖ్యానం అక్కరలేదు. ప్రతి విద్యార్థి ఒక పుస్తకంలో తేదీ, వేళ, చూసిన పక్షి, దాని తెలుగు పేరు వ్రాయాలి. నీటికాకి, కొంకణాయి, గూడకొంగ వంటి పేర్లు ఊరి పెద్దల నాలుక మీద ఇంకా బ్రతికి ఉన్నాయి. వాటిని వ్రాసిపెట్టడం కూడా ఒక సేవ. వీలైనప్పుడు కొల్లేరుకు, పులికాట్‌కు, నేలపట్టుకు యాత్రలు ఏర్పాటు చేయవచ్చు.

నాలుగవది, విరామాన్ని గురించిన పాఠం. భిక్షువుల వర్షావాసం ఎలా మొదలైనదో వినయ పిటకం చెబుతుంది. వానాకాలంలో తిరుగుతూ పచ్చికను, చిన్న చిన్న ప్రాణులను తొక్కుతున్నారని ప్రజలు ఆక్షేపించగా భగవానుడు మూడు నెలలు ఒకచోట ఉండాలని నిర్ణయించాడు. అశోకుని ఐదవ స్తంభశాసనం కొన్ని తిథులలో చేపలను చంపరాదని, అమ్మరాదని చెప్పింది. నేడు మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు, చేపలు గ్రుడ్లు పెట్టే కాలమని యాంత్రిక పడవల వేటను నిలిపివేస్తారు. ఆ రెండు నెలలు పొయ్యి మీద ఎసరు ఎలా పెడతారో జాలరి తల్లి నోట పిల్లలు వినాలి. సంయమం అన్నది ఎంత ఖరీదైనదో, దానిని ఎవరు చెల్లిస్తున్నారో అప్పుడు తెలుస్తుంది.

ఐదవది, ఆడపిల్లలు మగపిల్లలతో సమాన సంఖ్యలో ఉండాలి. వారి వెంట స్త్రీ ఉపాధ్యాయులు ఉండాలి. అటవీ శాఖ అనుమతి అవసరమైన చోట ముందుగానే తీసుకోవాలి. ఈత రానివారిని నీటిలో దింపరాదు. పాము కరిస్తే మంత్రగాని వద్దకు కాక వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలన్న సంగతి ప్రతి పిల్లవానికి కంఠస్థం కావాలి.

పిల్లలారా, చివరిగా మీతో ఒక మాట. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ పేరు మీరు విని ఉంటారు. ఆయన బాల్యంలో, 1908లో, ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని మెడ మీద పసుపు మచ్చ చూసి, ఇది ఏ పిట్ట అన్న సందేహంతో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి పట్టుకొనిపోయాడు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ పిల్లవానిని కసరలేదు. బీరువాలు తెరిచి వందల పక్షుల నమూనాలను చూపించాడు. ఒక జీవితం అక్కడ దారి మళ్ళింది. తరువాత కూడా శాస్త్ర నమూనాల కోసం సలీం అలీ తుపాకి పట్టిన మాట నిజమే. కాని ఈ దేశంలో పక్షుల ఆవాసాలను నిలిపినవారిలో ఆయన అగ్రగణ్యుడు. మీకు పిట్టను కొట్టకుండానే ఆ బీరువా తలుపు తెరవాలన్నది మా ఆశ.

పెద్దలారా, పిల్లవాని చేతిలోని క్యాటర్‌బాల్‌ను లాక్కోవడం సులభం. ఖాళీ అయిన ఆ చేతిలో ఏమి పెడతామన్నదే కష్టమైన ప్రశ్న. బైనాక్యులర్స్ పెడదాము, పెన్సిలు పెడదాము, ఊరి జాలరి తాత చేతిని పెడదాము. మన వీధిలో పుట్టిన బిడ్డ చెరువుగట్టు మీద నిర్భయంగా నిలబడాలి, ఆ చెరువులోని చేప కూడా ఆ బిడ్డ ఎదుట నిర్భయంగా ఈదాలి. ఈ రెండు నిర్భయాలూ కలిసిన చోటే మృగదావమని మా నమ్మకం. మన సంఘం అటువంటి ఒక చిన్న మృగదావం కావాలని కోరుతున్నాము.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.